తీగల బాబాయ్ తాతైన రోజు

నీటి సరఫరా ఆఫీసులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. తీగలు లాగుతూ, నెట్‌వర్క్ పెట్టెలు బిగిస్తూ జుట్టు నెరిసిన మనిషి గనక అందరికీ తీగల బాబాయే. ఆయనకో అలవాటుంది. ప్రతి పెట్టెలోనూ, ల్యాప్‌టాప్ తగిలించి అది ఉన్న చోటు రాయడానికి ఒక గడి ఉంటుంది. మిగతావాళ్ళు 'రెండో అంతస్తు' అని రాసి చేతులు దులుపుకుంటారు. ఈయన మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తాడు: 'మెట్ల కింద చీపుర్ల అర, తలుపు కాస్త ఎత్తి లాగాలి, బల్లి ఉంటుంది, ఏమీ అనదు.' నవ్వేవాళ్ళు నవ్వుతారు. తర్వాత ఆ పెట్టె కోసం వెళ్ళాల్సి వస్తే ఆ బల్లినే నమ్ముకుంటారు.

ఆ రోజు పొద్దున మీటర్ల సెక్షన్లో కొత్త పెట్టె బిగిస్తూ ఉండగా అల్లుడు ఫోన్ చేశాడు.

"మావయ్యగారూ, పాప! ఇద్దరూ బాగున్నారు!"

బాబాయ్ నిచ్చెన మీద ఉన్నాడు కాబట్టి గంతెయ్యలేదు. దిగాక వేశాడు. మీటర్ల గుమస్తాని వాటేసుకున్నాడు, ఎదురొచ్చిన వాళ్ళందరికీ షేక్‌హ్యాండిచ్చాడు. సాయంత్రం బస్సుకి టిక్కెట్లు తీయమని ఇంటావిడకి చెప్పాడు. అప్పటికే తీసేశానందావిడ. ఇంక పెట్టె పని మిగిలింది. చోటు గడిలో రాయడం మొదలుపెట్టాడు. చెయ్యి ఆగితే కదా! మనసులో ఉన్నదంతా అందులోకి ఒలికింది. సేవ్ నొక్కి, ఈల వేసుకుంటూ తన గదికి వచ్చాడు.

ఆ గది గోడకి పెద్ద తెర ఉంది. ఊరంతా ఉన్న పంపుహౌసుల్లో, ఆఫీసుల్లో ఉన్న పెట్టెలన్నీ అందులో పచ్చ చుక్కలై కనిపిస్తాయి. వెనక ఒక సాఫ్ట్‌వేర్ కూర్చుని, ఒక్కో పెట్టెనీ పలకరించి 'నువ్వెవరు, ఎక్కడున్నావు, బాగున్నావా' అని అడుగుతూ ఉంటుంది. జవాబు రాకపోతే చుక్క ఎర్రబడుతుంది, మనుషులు పరిగెడతారు. బాబాయ్ గదిలో అడుగు పెట్టేసరికి తెర నల్లగా ఉంది. దాని ముందు కూర్చునే బక్కోడు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఉన్నాడు.

"పడిపోయింది బాబాయ్. లేపాను, మళ్ళీ పడింది. లేపినకొద్దీ పడుతోంది."

నీళ్ళయితే పోతూనే ఉన్నాయి. కానీ ఎక్కడ ఏది ఆగినా తెలిసే దారి లేదు. పెద్దమేడమ్ వచ్చి తెర చూసింది. ఆవిడ గొంతు పెంచదు, అదే భయం.

"ఇది మామూలుగా పడటం కాదు. ఎవరో కావాలని పడగొడుతున్నారు. వాడు దొరికేదాకా ఈ ఆఫీసులోంచి ఒక్కరు కూడా బయటికి కదలడానికి వీల్లేదు."

బాబాయ్ గడియారం వంక చూశాడు. సాయంత్రం బస్సు! మనవరాలు! ఆ దాడి చేసినవాణ్ణి ముందు తనే పట్టుకుని పీక పిసికెయ్యాలనిపించింది. బల్లల కిందికి దూరాడు, ప్రతి తీగా పట్టి చూశాడు, ఎవరిదో పాత ప్రింటర్ని కూడా అనుమానించి ప్లగ్గు పీకేశాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. మధ్యలో ఇంటావిడ ఫోన్.

"సామాను తీసుకుని మీ గేటు దగ్గరికొచ్చేశాను. బస్సెక్కుదామా, ఇక్కడే కాపురం పెడదామా?"

"వచ్చేస్తున్నానే! ఒక దరిద్రుడు దొరకాలి, అంతే!"

ఇంతలో బక్కోడు కుర్చీలోంచి లేచాడు.

"మేడమ్, ఇది లేచిన ప్రతిసారీ వరసగా పెట్టెల్ని పలకరిస్తోంది. మీటర్ల సెక్షన్లో కొత్తదాని దగ్గరికి రాగానే గుటుక్కుమంటోంది. ఎవడో అందులో ఏదో పెట్టాడు."

గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకోవడం ఎంత సహజమో బాబాయ్‌కి అప్పుడు తెలిసింది. గుట్టుగా వెళ్ళి, పొద్దున తను నింపిన ఆ చోటు గడి చెరిపేస్తే తెర లేస్తుంది. కానీ దొంగ దొరకనిదే మేడమ్ గేటు తెరవదు. చెబితే పరువు గంగలో కలుస్తుంది. పరువా, మనవరాలా? అదీ ఒక ప్రశ్నేనా!

"మేడమ్, ఆ ఎవడో నేనేనండి."

"మీరా? ఏం పెట్టారు?"

"చోటే రాశానండి. కాస్త... ఎక్కువ రాశాను."

అందరూ మీటర్ల సెక్షన్‌కి బయల్దేరారు. బాబాయ్ ల్యాప్‌టాప్‌ని నేరుగా పెట్టెకి తగిలించాడు. చదవండి అంది మేడమ్. చెవులదాకా ఎర్రబడిపోయి మొదలుపెట్టాడు.

"'మీటర్ల సెక్షన్, కిటికీ పక్క రెండో అర. ఈ పెట్టె పెట్టిన రోజు నాకు మనవరాలు పుట్టింది. నా బంగారు కొండ, నా చిట్టితల్లి, నా వరాల మూట, నా తిక్క మహారాణి. ముక్కు మా అమ్మదట. అరుపు మా ఆవిడదట...'"

"గేటు దగ్గరున్నావిడేనా?" అన్నాడు బక్కోడు.

"నోర్ముయ్యి. 'ఈ పెట్టె బాగుచెయ్యడానికి ఎవరొచ్చినా ముందు ఒకసారి నవ్వండి. తాతని ఇంకా చూడలేదు, సాయంత్రం చూస్తుంది...' ఇంకా ఉందండి మేడమ్, చదవమంటారా?"

అక్కడ ఎవరూ నిలబడి లేరు. బక్కోడు గోడకి జారగిలబడి పొట్ట పట్టుకున్నాడు. మీటర్ల గుమస్తా కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. మేడమ్ మాత్రం నవ్వాపుకుంటూనే సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీకి ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా పెట్టింది. అవతల ఒకమ్మాయి తియ్యగా, గట్టిగా చెప్పింది.

"చోటు గడి వల్ల మా సాఫ్ట్‌వేర్ పడిపోయే ప్రసక్తే లేదు మేడమ్."

"మీ దగ్గరున్న పెట్టెలో మీరూ పెద్దగా ఏదైనా రాసి చూడండి."

టకటకమని మీటల చప్పుడు. ఆగి, మళ్ళీ టకటక.

"మేడమ్... మాదీ పడిపోయింది."

మీటర్ల సెక్షన్ మళ్ళీ ఘొల్లుమంది. అయితే ఏ పరీక్ష చేస్తుండగా ఇది కనిపెట్టారో చెప్పమంది ఆ అమ్మాయి.

"పరీక్షేం కాదు తల్లీ, మనవరాలు పుట్టింది," అన్నాడు బాబాయ్.

ఫోన్ పెట్టేశాక మేడమ్ మొహం గంభీరమైంది. "నాలుగు మాటలు ఎక్కువైతే కూలిపోయేదాన్నా మనం కాపలా పెట్టుకున్నది! ఈయన ప్రేమతో రాశారు కాబట్టి సరిపోయింది. కడుపుమంట ఉన్నవాడు వరండాలో ఒక పెట్టె తగిలించి పురాణం రాస్తే?" కంపెనీ మరమ్మతు పంపేదాకా, మనకు తెలిసిన పెట్టెల్ని తప్ప కొత్తవాటిని పలకరించకుండా కట్టడి చెయ్యమని బక్కోడికి పురమాయించింది.

బాబాయ్ గడిలోవి చెరపడానికి కూర్చున్నాడు. ఒక్క మీటతో పోయేదాన్ని ఒక్కో మాటే చెరుపుతున్నాడు. నిజంగానే బాధ వేసింది.

"దానికెందుకండీ అవన్నీ?" అంది మేడమ్ మెల్లగా. "వెళ్ళి ఆ పిల్లకే చెప్పండి. గేటు తియ్యమంటాను."

బాబాయ్ పరిగెత్తాడు. ఇంటావిడ సంచులతో వెనకాల పరిగెత్తింది. కదులుతున్న బస్సుని తిట్టి ఆపింది కూడా ఆవిడే.

ఆసుపత్రి గదిలో కూతురు దిండుకి ఆనుకుని ఉంది. పొత్తిళ్ళలో పిల్ల పిడికిళ్ళు బిగించి నిద్రపోతోంది. బాబాయ్ జరిగిందంతా చేతులు తిప్పుతూ చెప్పాడు. పుట్టిన పూటే ఆఫీసు తెర పడగొట్టిన ఘనత ఇంకెవరి మనవరాలికైనా ఉందా అని అందరి మొహాలూ చూశాడు. కూతురు నవ్వింది. తర్వాత కాస్త మూతి ముడిచింది.

"మరి నేను పుట్టినప్పుడు ఏం పడింది నాన్నా?"

బాబాయ్ కిటికీ వైపు తిరిగాడు. ఇంటావిడే అందుకుంది.

"మీ నాన్నే పడ్డాడు. నర్సు నిన్ను చేతిలో పెట్టబోతే నిలువునా నేలకి. వాళ్ళందరూ నన్నొదిలేసి ఈయన మొహాన నీళ్ళు చల్లారు. ఇన్నేళ్ళూ నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు."

కూతురు తండ్రి వంక చూసింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ముందు కూర్చో నాన్నా," అంది. "అప్పుడిస్తాను పాపని."