పిన్ని పిలిచిన పేరు

బోన్లు లేని జూ అని అందరూ చెప్తుంటే పిన్నిని తీసుకెళ్ళాను. కొల్లేటి గట్టున తన ఊరు వదిలి వట్లూరులో మా ఇంటికి వచ్చాక ఆవిడ మాట్లాడటమే తగ్గించేసింది. జంతువుల్ని చూస్తే కాస్త తేరుకుంటుందని నా ఆశ. పులి మాత్రం మాకు వీపు చూపించి పడుకుంది. అంత దూరం వెళ్ళినందుకు మాకు దక్కిన మర్యాద అది.

తర్వాత ఒక పెద్ద తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళాం. లోపల అచ్చం కొల్లేరే. కిక్కిస గడ్డి, మోకాల్లోతు నీళ్ళు, గూడబాతులు, ఒడ్డున ఒక తాటిదోనె. మిషన్లు పొగమంచు వదులుతున్నాయి. ముచ్చటేసి ఫోటో తీద్దామని ఫోన్ తీశాను. పక్కకి చూస్తే పిన్ని చెప్పులు విడిచి నిలబడి ఉంది.

ఏళ్ళ కిందట బాబాయి కొల్లేట్లో అలాంటి మంచులోనే వెళ్ళాడు, చేను చూసొస్తానని దోనె వేసుకుని. ఎంతకీ రాకపోతే పిన్ని గట్టు మీద నిలబడి "ఏవండీ!" అని కేకేసింది. మొగుడి పేరు ఆవిడ నోట ఎలా వస్తుంది? కిక్కిసలోంచి "ఆఁ, వస్తన్నా!" అని జవాబొచ్చింది. పిన్ని నిశ్చింతగా ఇంటికెళ్ళి అన్నం వండింది. పలికినవాడు ఇంకెవరి మొగుడో. తన పెళ్ళామే పిలుస్తోందనుకున్నాడు పాపం. మంచు విడేసరికి దోనె ఒక్కటే తేలుతూ కనబడింది. మనిషి ఇప్పటికీ దొరకలేదు. పేరు పెట్టి పిలిచుంటే ఆ తప్పు జవాబు వచ్చేది కాదు, ఊరంతా అప్పుడే వెతికేది. ఆ బాధే ఆవిణ్ణి ఇన్నేళ్ళుగా తినేస్తోంది.

ఇప్పుడు జూలో పిన్ని నీళ్ళకి అడ్డంగా ఉన్న కమ్మీ పట్టుకుని ముందుకి వంగి పిలిచింది, బాబాయిని పేరు పెట్టి. ఆవిడ నోట ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. జనం తిరిగి చూస్తున్నారు. మళ్ళీ పిలిచింది, ఇంకా గట్టిగా.

గార్డు వచ్చి, "అమ్మగారూ, కొంచెం ముందుకి నడవండి, వెనకాల చాలామంది ఉన్నారండీ," అన్నాడు.

"ఉండు బాబూ. ఇప్పుడు పలికితే ఆయనే అవుతారు."

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా ఆ గడ్డిలోకి చూస్తూ, పలకొద్దు బాబాయ్ అని లోలోపల దణ్ణం పెట్టుకున్నాను. పిన్ని చెవి ఒగ్గి అలాగే నిలబడింది. గార్డు చెయ్యి అడ్డం పెట్టి వెనకాల వాళ్ళని ఆపాడు.

ఎవరూ పలకలేదు.

"ఆయన లేరమ్మా," అని నా భుజం పట్టుకుని, ఆ గట్టు మీద ఏడవాల్సిన ఏడుపంతా అక్కడ ఏడ్చింది పిన్ని.