గేదె చేపని రోజులు

పెళ్లయిన ఏడాది నేను రాసుకున్న డైరీలో కొన్ని తేదీల పక్కన చిన్న చిన్న సున్నాలున్నాయి. కొన్నిచోట్ల ఒకటి, కొన్నిచోట్ల మూడు, ఒకచోట అయిదు. ఆ రోజు ఎన్నిసార్లు చెంబు పట్టుకుని ఆరుబయటికి వెళ్లానో ఆ లెక్క అది. ఇలాంటి లెక్క ఎవరైనా రాసుకుంటారా అంటే, నేను రాసుకున్నాను. రాసుకున్నందుకు తర్వాత సంతోషించాను కూడా.

అవి పంతొమ్మిదివందల యాభైల చివరి ఏళ్లు. చిలకలూరిపేట వైపు ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో నేను గుమాస్తాని. ఒత్తి కట్టిన పత్తి బేళ్ల మీద నంబర్లు వేయించడం, లారీకెక్కిన బేలు నంబరు రాసుకోవడం నా పని. ఇంట్లో అమ్మా, నేనూ. ఎక్కువగా జొన్నన్నం, పప్పో గోంగూరో, పక్కింటి నుంచి తెచ్చుకున్న పల్చటి మజ్జిగ. ఎండాకాలం పొద్దున్నే చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని మిల్లుకి వెళ్లేవాణ్ణి. మాకు పాడి లేదు. మిల్లు గేటు దగ్గర టీ తాగితే అందులో పడే నాలుగు చుక్కలే నేనెరిగిన పాలు. అప్పటిదాకా నాకు పొట్ట ఒకటుందన్న ధ్యాసే ఉండేది కాదు.

మాఘంలో పెళ్లయింది. అమ్మాయిది వినుకొండ దగ్గర మిరప పండించే ఇల్లు. ఫాల్గుణంలో కాపురానికి వచ్చినప్పుడు మామగారు కూతురి వెంట రెండు పంపారు. ఒకటి, ఈని నెలన్నరయిన గేదె, దూడతో సహా. రెండోది, మూతికి గుడ్డ కట్టిన పెద్ద జాడీ నిండా కారం. ఆ కారం మా ఆవిడ స్వయంగా కాయలు ఏరి, తొడిమలు తీసి, ఎండబెట్టి, రోట్లో దంచుకొచ్చింది. అది వేసి ఆమె వంకాయ కూర వండిన మొదటిరోజు మా అమ్మ కూడా మారు వడ్డించుకుంది.

గేదె వచ్చాక అమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. జీవితమంతా మజ్జిగకి గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లిన మనిషి. పిడకల దాలి మీద పాలు పొద్దుగూకేదాకా కాగుతూ ఎర్రబడేవి. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు, బెల్లం వేసి నా చేతికిచ్చేది. "పెళ్లయినవాడివి, తాగరా" అనేది. తాగేవాణ్ణి.

పదిరోజులు గడిచాయో లేదో కడుపులో గుడగుడలు మొదలయ్యాయి. పొట్ట ఉబ్బి పంచె ముడి వదులు చేసుకోవాల్సి వచ్చేది. ఆ తర్వాత పరుగు. మిల్లు వెనక చేలో పత్తి కట్టె పీకేశారు కాబట్టి చాటు లేదు. వాగు దాకా నడవాలి. బేళ్లు ఒత్తే ప్రెస్సు దగ్గర మేస్త్రీ, మా ఊరి ముస్లిం, నాకంటే పదేళ్లు పెద్ద, నేను మూడోసారి చెంబు తీసుకుంటుంటే అన్నాడు.

"గుమాస్తా గారూ, వాగు ఎండిపోయిందని రైతులంతా ఏడుస్తున్నారు. మీరొక్కరే నింపేటట్టున్నారే."

ప్రెస్సు దగ్గరున్న వాళ్లంతా నవ్వారు. పరిస్థితి అలా లేకపోతే నేనూ నవ్వేవాణ్ణే.

ఇంట్లో అమ్మ వెంటనే కారణం తేల్చేసింది. "వాళ్ల ఊరి కారం మంట ఎక్కువ. మన కడుపులకి పడదు." పుట్టినప్పటి నుంచి గుంటూరు మిరపకాయ తిన్న కడుపు నాది. అయినా ఎదురు చెప్పలేదు. ఊళ్లో మందులిచ్చే పెద్దాయన కూడా అదే అన్నాడు. కారం పూర్తిగా మానేసి, మూడు పూటలా పాలన్నం పథ్యం. అలా చేశాను. అయిదు సున్నాలు పడింది ఆ పథ్యంలోనే.

కారం జాడీ అటకెక్కింది. కోడల్ని పొయ్యి దగ్గరికి రావద్దంది అమ్మ. ఆ ఇంట్లో ఆమెకు మిగిలింది గేదె పని ఒక్కటే. పాలు పితికేది, పేడ తీసేది, వంటింటి గడప ఇవతల కూర్చుని తన అన్నం తను తినేది. ఏడవలేదు. అలా ఏడవకుండా కూర్చోవడమే నాకు కష్టంగా ఉండేది.

అంతలో పక్కింటి పిన్ని వచ్చి మరో మాట అంది. "అక్కా, కారమైతే మానేశాక తగ్గాలిగా. ఇది వేరే. మొగుడు చెప్పుచేతల్లో ఉండాలని పిల్ల తరఫు వాళ్లు కూరలో ఏదో కలిపి ఉంటారు." మా వైపు ఇలాంటి అనుమానం అప్పట్లో మామూలే. 'మందు పెట్టారు' అనేవాళ్లు. ఆ మందు కక్కించే మనిషి అద్దంకి దగ్గర ఉన్నాడట. వచ్చే ఆదివారం బండి కట్టించుకుని నన్ను తీసుకెళ్లాలని అమ్మా పిన్నీ నిర్ణయించేశారు.

ఆ బండి కదిలిందంటే ఎందుకు కదిలిందో ఊరంతా తెలుస్తుంది. ఇక ఆ పిల్ల చేతి వంట ఎవరూ ముట్టరు. ఏ పేరంటానికి వెళ్లినా వెనక గుసగుసలే. ఆ మాట వాళ్ల నాన్న చెవిన పడితే ఆయన తలెత్తుకోలేడు. ఇదంతా నాకు తెలుసు. ఏం చేయాలో మాత్రం తెలియలేదు.

మంగళవారం మిల్లుకి సెలవు. అమ్మ పిడకలు చరచడానికి దొడ్లోకి వెళ్లినప్పుడు మా ఆవిడ నా డైరీ పట్టుకొచ్చింది. ఆమె అయిదో తరగతి దాకా చదువుకుంది.

"ఏమండీ, ఈ సున్నాలేంటి?"

చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఏం తిన్నారో కూడా రాశారుగా. ఇక్కడ నా వంకాయ కూర ఉంది, సున్నా లేదు. ఇక్కడ గోంగూర పచ్చడి, సున్నా లేదు. మొన్న అసలు కారమే తినలేదు, అయిదున్నాయి."

"అంతకుముందు రోజు తిన్నదేమో."

"అంతకుముందు నాలుగు రోజులూ పథ్యమని రాశారుగా." కాసేపు పేజీలు తిప్పింది. "పాలు ఎక్కడా రాయలేదేంటి?"

"పాలు రాయడమేంటి? అదేమన్నా తిండా?"

ఆమె నా వైపు చూసి, మళ్లీ పేజీల వైపు చూసి, వేలితో ఒక్కో తేదీ చూపించింది.

"ఇదిగో, ఈ రోజు గేదె చేపలేదు. చుక్క పాలు ఇవ్వలేదు. ఈ రోజు దూడ తాడు తెంపుకుని మొత్తం తాగేసింది. ఈ రోజు గేదె తన్నితే గిన్నె ఒలికిపోయింది."

"ఇవన్నీ తేదీలతో ఎలా గుర్తున్నాయి నీకు?"

"ఆ మూడు రోజులూ అత్తయ్య నన్ను తిట్టారు. ఎలా మర్చిపోతాను?"

ఆ మూడు తేదీల పక్కనా సున్నాలు లేవు. కూరలన్నీ వరసగా రాసుకుని, రోజూ రెండు గ్లాసులు తాగే పాలని ఒక్కరోజైనా రాయని నా తెలివికి నాకే నవ్వొచ్చింది.

"అయితే తప్పు మీ గేదెదన్నమాట."

"మా గేదె బంగారం. తప్పు మీ కడుపుది."

అమ్మకి చెప్పాం. అస్సలు ఒప్పుకోలేదు. "పాలు పడకపోవడమేంట్రా? పుట్టినప్పుడు ఏం తాగి పెరిగావు?" బతిమాలితే ఆదివారం దాకా గడువిచ్చింది. పాలు మానేశాను. కారం వేసిన కూరలే తిన్నాను. ఉన్న పాలన్నీ తోడు పెట్టి మజ్జిగ చిలికితే కడుపునిండా తాగాను. నాలుగు రోజులూ ఒక్క సున్నా లేదు.

అమ్మ దానికి వేరే అర్థం చెప్పింది. "బండి కడతామనేసరికి ఆ మందే భయపడి దిగింది. మళ్లీ వచ్చిందంటే మాత్రం ఆగేది లేదు." ప్రయాణం వాయిదా పడింది గాని, రద్దు కాలేదు. మా ఆవిడ ముఖంలో ఆ భయం అలాగే ఉంది.

తర్వాతి వారంలో రంజాన్ పండగ వచ్చింది. ప్రెస్సు మేస్త్రీ మిల్లులో అందరినీ పిలిచాడు. నేను పొద్దున్నే, ఇంట్లో ఏమీ ముట్టకుండా వెళ్లాను. చిక్కటి పాలలో ఉడికించిన సేమియా, చక్కెర, ఎండుఖర్జూరం. వద్దంటే పండగపూట ఆయన నొచ్చుకుంటాడు. తిన్నాను. చాలా బాగుంది. మళ్లీ వడ్డిస్తే అదీ తిన్నాను. మధ్యాహ్నానికల్లా చెంబు చేతికొచ్చింది. మూడోసారి తిరిగొచ్చేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"మళ్లీ వచ్చిందిగా. ఏం పెట్టిందిరా నీకు?"

"ఎవరూ ఏం పెట్టలేదమ్మా. పొద్దున్నించి ఇంట్లో మంచినీళ్లు కూడా తాగలేదు. మేస్త్రీగారింట్లో సేమియా తిన్నాను."

"అందులో కారం వేశారా?"

"పాయసంలో కారం ఎవరన్నా వేస్తారా?"

"మరేం వేశారు?"

"పాలు."

అమ్మ నా చేతిలో చెంబు తీసుకుని గోడవార పెట్టింది. తర్వాత అడిగింది. "ఎంత తిన్నావు?"

"రెండు గిన్నెలు."

"పాలు పడవని తెలిసీ రెండు గిన్నెలెందుకు తిన్నావురా, బుద్ధి లేదూ?"

లోపల మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎన్నో ఏళ్లకి, ఉద్యోగం మానేశాక, ఒక డాక్టరుగారు నాకు దీని వివరం చెప్పారు. పాలలో ఒకరకం చక్కెర ఉంటుంది. దాన్ని విడగొట్టే శక్తి పసిపిల్లల పేగుల్లో ఉండి, చాలామందికి పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుందట. విడిపోని చక్కెర పెద్దపేగులోకి దిగి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసి గ్యాసవుతుంది, నీటిని లాగుతుంది. పెరుగులో అయితే తోడు వేసిన జీవులే ఆ చక్కెరలో కొంత ముందే తినేస్తాయి. టీలో నాలుగు చుక్కలు ఎవరినీ ఏమీ చేయవు. శనగల్లో, ఉల్లిపాయల్లో వేరేరకం పిండిపదార్థాలుంటాయనీ, అవి ఒకరికి హాయిగా అరిగితే మరొకరికి ఉబ్బరం తెస్తాయనీ చెప్పారు. అంటే పుట్టినప్పుడు ఏం తాగావని అమ్మ అడిగిన ప్రశ్న చాలా మంచి ప్రశ్న. జవాబు చెప్పేవాళ్లే అప్పుడు మా ఊళ్లో లేరు.

పండగ అయిన మూడో రోజు పక్కింటి పిన్ని ఏ రోజు బండి కట్టమంటారని అడగడానికి వచ్చింది. అమ్మ, కోడలు ఎదురెదురుగా కూర్చుని ఆ ఏటి మిరపకాయలకి తొడిమలు తీస్తున్నారు. పిన్ని వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసింది.

"బండి లేదు, గిండి లేదు" అంది అమ్మ. "మావాడికి పాలు పడవు. అంతే. మా కోడలు కనిపెట్టింది."

"పాలు పడకపోవడమేంటి అక్కా?"

"ఎందుకు పడాలి? అందరి కడుపులూ ఒకటేనా? మీ ఆయనకి సాయంత్రమయితే పొట్ట బిగుసుకుంటోందని మొన్న నువ్వే అన్నావుగా. ఏం తింటున్నాడో ఎప్పుడైనా చూశావా?"

పిన్ని ఆలోచనలో పడింది. "సాయంత్రాలు గుగ్గిళ్లు తింటాడు. నానేసి ఉడికించిన శనగలు, గిన్నెడు."

"అయితే నన్నడక్కు" అని అమ్మ కాస్త పక్కకి జరిగి, తన పక్కనున్న పీట చూపించింది. "ఇలా కూర్చుని మా కోడల్నడుగు."