ఖాళీగా వదిలిన గీత

ఆ రోజు నా గొంతు బాగానే ఉంది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు.

మొన్న నరసాపురం రేవులో పంటు ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్తుంటే, డీజిల్ వాసన మధ్య ఎవరో ఫోన్‌లో రత్నం పిన్ని పాట పెట్టారు. స్టూడియోలో చేసిన ఆల్బమ్‌లో మొదటి పాట. ఒక చరణం పూర్తిగా ఆగకముందే ఇంకోటి దాని మీద పడుతోంది. "గొంతు బాగుంది గానీ, ఈవిడకి ఊపిరెక్కడ ఆడుతుందండీ?" అంది పక్కనున్నావిడ. నేను నీళ్ళకేసి తిరిగాను.

పిన్నిది మా పక్కిల్లు. బంధుత్వం లేదు, పిలుపు అంతే. వరి ఊడుపుల రోజుల్లో కూలి ముఠాకి పాట ఎత్తేది ఆవిడే. ఒక మాట పాడి ఆగేది. నడుం వంచిన పదిహేనుమంది ఆడవాళ్ళూ అందుకునేవారు. ఆ అందుకోవడంలోనే నారు మడిలోకి దిగేది. నేనేమో ఎవరైనా ఇంటికొస్తే పుస్తకం పట్టుకుని వంటింట్లోకి దూరేదాన్ని. ఒకరోజు ఆవిడ తిన్నగా వంటింట్లోకే వచ్చి, "ఎప్పుడూ ఏదో గీకుతుంటావు కదే, నా పాటలు గీకరాదూ?" అంది. చదువు రాకపోయినా, నేను రాస్తుంటే కాగితం మీద వేలు పెట్టి ఆపింది.

"ఏంటలా కుక్కేస్తున్నావు? మధ్యలో ఒక గీత వదులు."

"ఎందుకు పిన్నీ?"

"అది మిగతావాళ్ళది."

రాయని చోటు కూడా పాటలో భాగమేనని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఆ నోటుబుక్కు మా కాలేజీ తెలుగు మాస్టారి కంటపడింది. ఆయనే రాజమండ్రిలో స్టూడియో మాట్లాడారు. ముఠా అంతా ఊడుపుల్లో ఉంది, రావడానికి వీల్లేదు. "మా అమ్మాయి అందుకుంటుందండి. పాటలన్నీ దానికొచ్చు," అంది పిన్ని నన్ను చూపించి, ధీమాగా. వెళ్ళేటప్పుడు బస్సులో ఆవిడ చెవికి మాత్రమే వినపడేలా అన్నీ అందుకున్నాను కూడా.

స్టూడియోలో పిన్ని మొదటి మాట పాడి ఆగింది.

"ఏంటండీ, ఆగిపోయారు?" అన్నాడు అద్దం అవతల నుంచి రికార్డింగ్ చేసే ఆయన.

"ఆగలేదండి. అందుకోవాలి కదండీ."

"ఎవరండీ?"

పిన్ని నాకేసి చూసింది. నా ముందు ఇంకో మైకు ఉంది. అద్దం అవతల నలుగురు నన్నే చూస్తున్నారు. "గొంతు నొప్పిగా ఉందండి," అన్నాను. "ఫర్వాలేదమ్మా, ఖాళీలు కట్ చేసి కలిపేస్తాం," అన్నాడాయన. ఆ ఖాళీలు ఎవరివో ఆ గదిలో పిన్ని తర్వాత తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అయినా వద్దనలేదు.

ఆల్బమ్ యూట్యూబ్‌లోకి వచ్చాక కొందరు మెచ్చుకున్నారు. చాలామంది మాత్రం తొందరెక్కువైందనీ, పొలంలో పాటలా లేదనీ రాశారు. పిన్నికి అవి చదివి వినిపించేది నేనే. మంచివే ఏరి చదివాను. కానీ ముఠా వాళ్ళు చెవులారా విన్నారు. గట్టు మీద అన్నాలు తింటూ, అందరిలోకీ పెద్దదైన సూరమ్మ, "ఏంటే రత్నం, కుక్క తరిమినట్టు పాడేశావు? మమ్మల్ని ఇక్కడే దింపేసి పోయావేంటే?" అంది. అందరూ నవ్వారు. పిన్నీ నవ్వింది. "నాకే తొందరైందిలే," అంది. క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి, ఆ మాట పక్కనే నిలబడి విన్నాను.

ఆ తర్వాత ఆవిడ చేలో పాట ఎత్తలేదు. అడిగితే, "ఫోన్లో ఉందిగా, పెట్టుకోండి," అనేది. ఊడుపులు మాటల్లేకుండా సాగాయి.

కిందటి ఏడు పిన్ని మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం నేను పక్కన కూర్చుని ఉండగా, ఉన్నట్టుండి సన్నగా ఒక మాట ఎత్తి ఆగింది. ఆవిడ కోడలు, చూడ్డానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు గదిలోనే ఉన్నారు. నా పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. ఆ ఖాళీ అలాగే గడిచిపోయింది. ఇప్పుడు మా ఇంట్లో ఒంటరిగా తలుపేసుకుని, నోటుబుక్కు తెరిచి, వదిలిన గీతలన్నీ పాడుకుంటున్నాను. గొంతు బాగానే లేస్తోంది.

ఆ మధ్యాహ్నం పిన్ని నా చెయ్యి నిమిరింది. వారం తిరక్కుండా పోయింది. చెయ్యి నిమురుతూ నాతో అన్నదే ఆవిడ ఆఖరి మాట:

"నీ గొంతునొప్పి ఇంకా తగ్గలేదేంటే, తల్లీ?"