గడియారం గదిలో తాళంచెవి

ఆమదాలవలస స్టేషన్ ఎదురుగా స్టాన్లీ నెట్ సెంటర్ నడుపుతాడు. మధ్యాహ్నం బేరాలు తగ్గగానే మూలనున్న పాత కంప్యూటర్ ముందు చేరి, చొక్కా అంచుతో మౌస్ తుడిచి, చిన్నప్పటి ఆట పెట్టుకుంటాడు. అందులో పరుగులూ తుపాకులూ ఉండవు. పాడుబడిన కోటలో కనిపించిన ప్రతి వస్తువునూ నొక్కి చూస్తూ దారి వెతకాలి. అప్పట్లో మౌస్ అతనిది, ఆలోచన చెల్లెలు షీబాది. ఆమె పెళ్లప్పుడు మాటా మాటా పెరిగి, ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. మొన్న ఆటలో గడియారం గదికి చేరాక, ఆమెకు ఫోన్ చేశాడు.

"షీబా, గడియారం గదిలో తాళంచెవి ఎక్కడుంటాదే?"



"పూలకుండీ కింద సూడన్నా. ఎప్పుడూ మర్సిపోతావు. దొరికిందేటి?"

తాళంచెవి అతనికి అప్పటికే దొరికింది.

"ఇంకా లేదే," అన్నాడు స్టాన్లీ. "నువ్వు ఫోన్ పెట్టెయ్యకు."