నేనేం చెప్పినో చెప్పు

మత్తు మందు స్ప్రే కొట్టినప్పుడల్లా మా గదిలో మగ్గిన అరటిపండు వాసన వస్తుంది. చేదు తెలియకుండా కలిపే వాసన అది. నాకు మాత్రం దానితో సులోచన మేడం గుర్తొస్తారు. నారాయణఖేడ్‌లో ఆమె నడిపిన చెవి, ముక్కు, గొంతు దవాఖానలోనే నేను పని నేర్చుకున్నాను. ఇప్పుడు అదే గదిలో, ఆమె కూర్చున్న స్టూలు మీదే కూర్చుంటున్నాను.

నేను డాక్టరుగా చేరిన కొత్తలో, మనూర్ దారిలో షేర్ ఆటో నడిపే అంజయ్య వచ్చాడు. ముక్కు వెనక నుంచి చెవికి గాలి వెళ్లే సన్నని గొట్టాలు మూసుకుపోయి, రెండు కర్ణభేరుల వెనకా నీరు చేరింది. హారన్ వినపడక ఒకసారి లారీ నుంచి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడట. చెవులు బాగుపడకపోతే ఆటో మానుకోవాల్సిందే. కర్ణభేరికి చిన్న గాటు పెట్టి, నీరు లాగి, బియ్యపు గింజ కన్నా చిన్న గొట్టం అమర్చాలి. మత్తు చెవి వరకే. మనిషి మెలకువగానే ఉంటాడు, తల మాత్రం కదలకూడదు. నేను సొంతంగా చేస్తున్న మొదటి కేసు అది. నీరు లాగే మిషను చెవిలో గట్టిగా మోగుతుందని, బెదరవద్దని పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. అంజయ్య ప్రతి మాటకూ "ఆఁ, ఆఁ" అంటూ తల ఊపాడు.

గాటు బాగానే పడింది. మిషను పెట్టగానే అతను ఉలిక్కిపడి లేవబోయాడు. పక్కనే ఉన్న మేడం రెండు చేతులతో తల అదిమి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. మిగతా పని ఆమే పూర్తి చేశారు.

"సార్ చెప్పిండు గద, కదలొద్దని?" అని అతన్ని అడిగారు.

అప్పటికి ఆ చెవి తెరుచుకుంది. "ఒక్క ముక్క ఇనబడలే అమ్మా. సదువుకున్న సారు చెప్తుంటే మల్ల మల్ల ఏందని ఎట్ల అడుగుత?" అన్నాడు.

మేడం నన్ను బయటికి పిలిచారు. "ఇనబడనోనికి చెప్పి, తల ఊపిండని నమ్మినవ్. నేనేం చెప్పినో చెప్పు అని అడిగినవా?"

వారం తర్వాత రెండో చెవి నాతోనే చేయించారు. అంజయ్య నేను చెప్పిందంతా తిరిగి చెప్పాకే పనిముట్టు నా చేతికిచ్చారు. ఆటో మానుకునే పని అతనికి రాలేదు.

అప్పటి నుంచి ఆ ప్రశ్న అడగకుండా నేను ఎవరినీ వదల్లేదు. "సారు పరీక్ష పెడుతుండు" అని బోరంచ నుంచి వచ్చే ముసలమ్మలు నవ్వుకుంటారు.

మేడం పని మానేసి హైదరాబాద్‌లో కూతురి దగ్గర ఉన్నప్పుడు ఒకసారి ఫోన్ చేశాను. దవాఖాన సంగతులు చెప్పాను. ఆ రోజు ఆమె నన్ను మళ్లీ నమ్మి రెండో చెవి చేయించకపోతే ఈ పనే వదిలేసేవాణ్ణని, ఎన్నాళ్లుగానో నోట్లోనే ఉండిపోయిన మాట చెప్పాను. "ఆఁ, ఆఁ" అన్నారు. మనసు తేలికపడింది.

ఆ నెలలోనే ఆమె పోయారు. పలకరించడానికి వెళ్తే కూతురు మాటల మధ్యలో అన్నది: "అమ్మకు ఏడాది సంది ఫోన్‌ల ఏం ఇనబడకపోయేది."

ఊరందరినీ అడిగే ఆ ప్రశ్న, ఆమెను ఒక్కరినే అడగలేదు.