మాస్కు కింద మచ్చలు

పళ్ల డాక్టరు చదువుతున్న ఆ అమ్మాయిని తోటివాళ్లు పుదీనా అని పిలిచేవారు. పక్కన కూర్చుంటే చాలు, ఆ వాసన గుప్పుమనేది. హాస్టల్లో ఒక్కొక్కరిదీ ఒక్కో పిచ్చి. ఒకామెకు నోరు మండిపోతే గానీ మౌత్‌వాష్ వాడినట్టుండదు. ఇంకొకామె లవంగం వాసనంటే పడి చస్తుంది. పుదీనా రూమ్మేట్, అందరూ పొడుగమ్మ అనే పిల్ల, ఉప్పునీళ్లు పుక్కిలించి, "మీరంతా కంపెనీలను మేపండే" అని వెక్కిరించేది.

పుదీనా పైకి నీలం సీసా వాడేది. పెట్టె అడుగున మాత్రం చిగుళ్ల జబ్బుకి పుక్కిలించమని ఇచ్చే గులాబీరంగు మందు సీసా దాచుకునేది. రెండు వారాలు మించి వాడితే పళ్లమీద గోధుమరంగు మచ్చలు పడతాయని రోగులకు చిలకలా అప్పజెప్పేది తనే. తను ఏడాదిగా వాడుతోంది.

నిరుడు క్లాసులో ఒకరి నోరు ఒకరు పరీక్షించుకునేటప్పుడు, ఈమె నోరు తెరవగానే పొడుగమ్మ మొహం పక్కకు తిప్పింది. అంతే, తన నోరు వాసనొస్తోందని ఈమె తేల్చేసుకుంది. ఆనాటి నుంచి ఎంత తోముకున్నా మనసు కుదుటపడలేదు. మచ్చలు పడ్డాక గదిలో కూడా మూతి బిగించి నవ్వడం, బయట మాస్కు తీయకపోవడం అలవాటైంది. "చదువెక్కువై మా పిల్లకు నవ్వు తగ్గింది" అని వాళ్లమ్మ చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకునేది.

మొన్న ఒక పెద్దావిడ సరిగ్గా అవే మచ్చలతో క్లినిక్‌కి వచ్చింది. కోడలు పక్కనుండగానే పుదీనా ఆవిణ్ణి దులిపేసింది.

"ఎన్నాళ్లు వాడమన్నాం, ఎన్నాళ్లు వాడారు? చిన్నపిల్లలా మీరు?"

"ముద్దు పెట్టబోతే మనవరాలు మొహం తిప్పేసుకుందమ్మా" అంది ఆవిడ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "వాసనేమోనని భయమేసింది."

"దానికీ దీనికీ ఏం సంబంధం?" అంది పుదీనా. ఆ సంబంధం ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు! లోపల సిగ్గుతో చచ్చిపోతూనే, శుభ్రం చేస్తాను శుక్రవారం రమ్మని కసిరి పంపింది.

శుక్రవారం పొద్దున ఒకరి పళ్లు ఒకరు శుభ్రం చేసే ప్రాక్టికల్ పడింది. జంట మళ్లీ పొడుగమ్మే. పుదీనా కుర్చీలో వాలి, మాస్కు తీసి, కళ్లు గట్టిగా మూసుకుని నోరు తెరిచింది.

"ఓసినీ! మొన్న పెద్దావిణ్ణి కడిగిపారేసింది నువ్వేనా?"

పుదీనా కన్నీళ్లు చెవుల్లోకి జారాయి. "నిరుడు నువ్వు మొహం తిప్పావు కదే."

"ఎప్పుడే?" ఎంత చెప్పినా పొడుగమ్మకు గుర్తు రాలేదు. "తుమ్మొచ్చి ఉంటుందే పిచ్చిమొహమా. వాసనొస్తే నీతో ఒకే గదిలో ఎందుకుంటాను?"

పుదీనాకు ఊరట కలగలేదు సరికదా, తలకొట్టేసినట్టయింది. టైమైపోయేసరికి పైపళ్లు తెల్లబడ్డాయి. కిందివి అలాగే మిగిలిపోయాయి.

మధ్యాహ్నం పెద్దావిడ ఒక్కతే వచ్చింది. కూర్చుంటూనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "తిట్టకు తల్లీ, ఆ సీసా పారేశాను" అంది.

పుదీనా సీసా ఇంకా పెట్టెలోనే ఉంది. ఆమె మాస్కు కిందికి లాగి, తన కిందిపళ్లు చూపించింది. ఆవిడ బాగా దగ్గరికి వంగి చూసింది. పుదీనా అలవాటుగా ఊపిరి బిగబట్టింది.

"అయ్యో, నిన్ను చూసి కూడా ఎవరైనా మొహం తిప్పుకున్నారా తల్లీ?"

ఎవరూ తిప్పుకోలేదని చెప్పాలి. ఆ ఒక్క ముక్కా ఆమె నోట రాలేదు.