ఇరుసయ్య చూడని వాలు

ఇరుసయ్యకు కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది. అది పెళ్లి శుభలేఖ దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ఆ తరవాత లోకమంతా ఇరుసయ్య అనే పిలిచింది, ఆయనా మురిసిపోతూ పలికాడు. మురిసిపోక ఏం చేస్తాడు! ఊరి బడిలో ఐదో తరగతితో పలక కింద పెట్టిన మనిషి. గనుల్లో బండలు మోసే లారీలకు ముందు చక్రాల ఇరుసులు చేసి ఇచ్చాడు. ఇసుక దిబ్బల్లో నెల రోజులు తిరిగొచ్చిన యాత్రా బండికి ఇరుసు ఆయన చేతిదే. నడుం లోతు వాగుల్లో రాళ్ల మీద దూకించినా, మంచులో సగానికి కూరుకుపోయినా ఆయన ఇరుసు చెక్కు చెదరలేదు. ఆయన గీసిన ఇరుసు బొమ్మలు పరాయి దేశపు షెడ్లలో గోడలకు అంటించి పెట్టుకున్నారు. "విరిగి వెనక్కొచ్చిన ఇరుసు ఒక్కటి చూపించండి, మీసం తీసేసుకుంటా" అని ఆయన చేసిన సవాలుకు ఇప్పటిదాకా మంగలి అవసరం పడలేదు.

ఈ యాత్రా బండ్లు మామూలు బండ్లు కావు. వంటగది, పడక, నీళ్ల ట్యాంకు అన్నీ వీపున వేసుకుని, రోడ్డన్నది లేని చోటికి పోయే ఇల్లంత లారీలు. చక్రం మనిషి గుండెల దాకా వస్తుంది. అంత బరువును మోస్తూనే, ఇంజను బలంతో లాగుతూనే, చెప్పిన వైపుకు తిరగాలి ముందు ఇరుసు. "మోయడంలో ఏముందిరా, తిరిగేటప్పుడు తెలుస్తుంది దాని పెంపకం" అనేవాడు ఇరుసయ్య.

ఇన్ని గొప్పలు చెప్పుకునే మనిషి లోపల ఎంత పిరికివాడో ఆయన భార్యకు ఒక్కదానికే తెలుసు. బండి గేటు దాటిందంటే, తిరిగి వచ్చేదాకా ఆయనకు గొంతులో మంచినీళ్లు దిగవు. బయట మీసం మెలేస్తూ, లోపల చెయ్యి వణకకుండా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. ఇక బండి నడిపేది సొంత కూతురే అయితే చెప్పేదేముంది? పెద్దమ్మాయి చిన్నప్పుడే షెడ్డులో స్టీరింగు పట్టింది. ఇప్పుడు షెడ్డు నుంచి వెళ్లే ప్రతి కొత్త బండినీ ఆమే కొండ రోడ్డు మీద పరీక్షిస్తుంది. ఎక్కేటప్పుడు ఇంజను, దిగేటప్పుడు బ్రేకు, మలుపుల్లో ఇరుసు, అన్నీ ఒక్క పూటలో తేలిపోతాయి.

ఆ రోజు పొద్దున్నే కొత్త బండి తీసుకుని పెద్దమ్మాయి వెళ్లింది. ఇరుసయ్య జేబులో చెయ్యి పెట్టుకుని షెడ్డులో పచార్లు చేస్తున్నాడు. బావమరిది పిలిచాడు. వెల్డింగు పని అతనిది. నోటికి మాత్రం ఏ అతుకూ లేదు.

"బావా, తిరిగింది చాలుగాని ఇటు రా. రెండో బండి ఇరుసు సిద్ధం చేశా. అచ్చం మొదటిదానిలాగే దించాను. చూసి మెచ్చుకుంటావో, తిడతావో నీ ఇష్టం."

ఇరుసయ్య వచ్చి చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగానే ఆయన మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

సంగతి ఇది. సైకిలు ముందు చక్రాన్ని పట్టుకునే కడ్డీలు కాస్త వెనక్కి వాలి ఉంటాయి. ఆ వాలు వల్లే చేతులు వదిలినా సైకిలు తిన్నగా పోతుంది, తిప్పిన చక్రం తనంత తాను మళ్లీ సర్దుకుంటుంది. లారీ చక్రం కూడా ఒక కడ్డీ మీదే పక్కకు తిరుగుతుంది. షెడ్డులో దాన్ని కింగ్ పిన్ అంటారు. దాని తల కూడా నాలుగు డిగ్రీలు వెనక్కి వాలాలి. ముందుకు వాలిందా, తిప్పిన చక్రం వెనక్కి రాదు సరికదా, ఇంకా ఇంకా తిరుగుతానంటుంది.

ఆ వాలును నిలబెట్టేది, బండి బరువు మోసే కమాను పట్టీలు ఇరుసు మీద ఆనే చోటి దిమ్మలు. ఆ దిమ్మలను బల్ల మీద సమంగా పరిచి, ఇరుసును తలకిందులు చేసి వాటి మీదికి దించి, కడ్డీని కావలసినంత వాల్చి అతకడం ఇరుసయ్య షెడ్డు పద్ధతి. తలకిందులుగా ఉన్న ఇరుసులో కడ్డీ ఎటు వాలాలి? గోడ వైపు. ఇన్నేళ్లుగా గోడ వైపే. ఆలోచించే పని లేదు, చేతికే తెలుసు.

అయితే ఇన్నేళ్లూ ఇరుసును నలుగురు మనుషులు పట్టి దుంగలా దొర్లించి తలకిందులు చేసేవారు. ఈ మధ్యే కొత్త క్రేను వచ్చింది, పొద్దున వెళ్లిన బండి ఇరుసుతోనే దాని పని మొదలైంది. క్రేను దొర్లించదు. ఒక చివర పట్టి లేపి, రెండో చివర మీదుగా అవతలికి తిరగేస్తుంది.

ఇరుసయ్య బావమరిది జేబులోంచి అగ్గిపెట్టె లాక్కున్నాడు. పై కొన గోడ వైపు వాలేలా ఒక పుల్లను దానిలోంచి ఏటవాలుగా కింది దాకా గుచ్చాడు. పెట్టెను దుంగలా దొర్లించాడు. పుల్ల గోడ వైపే వాలి ఉంది. మళ్లీ మొదటికి తెచ్చి, ఈసారి ఈ చివర నుంచి ఆ చివరకు తిరగేశాడు. పుల్ల వాకిలి వైపు వాలింది.

బావమరిది పుల్లను చూశాడు. ఇరుసును చూశాడు. "అయితే మనం..."

"పొద్దున పిల్లను ఎక్కించి పంపిన బండికి తిరగబడిన ఇరుసు బిగించాంరా."

"కొలిచావుగా బావా! కొలత పెట్టి, నాలుగంటే నాలుగే అని చక్రం మీద చరిచావుగా!"

"అది ఎంత వాలిందో చెబుతుందిరా. ఎటు వాలిందో చెప్పదు. నేను అంకె చూశాను."

షెడ్డు ముందు మెల్లగా తిప్పినప్పుడు ఏమీ తెలియలేదు. హైడ్రాలిక్ స్టీరింగు వేలితో తిప్పినా తిరిగే రకం. కొండ ఎక్కేటప్పుడూ తెలియదు, బండి నిదానంగా పోతుంది. దిగుడులో బ్రేకు వేస్తే బరువంతా ముందు చక్రాల మీద పడుతుంది. అప్పుడు తెలుస్తుంది. పక్కనే లోయ.

ఫోను చేశారు. మోగింది, మోగింది, ఆగిపోయింది. పరీక్షలో ఉండగా ఫోను ముట్టుకోకూడదన్నది ఇరుసయ్య పెట్టిన కట్టడే. ఆయన కూతురు ఆయన మాట జవదాటదు.

జీపు బావమరిది నడిపాడు. ఇరుసయ్యకు తాళం పెట్టడానికే చెయ్యి కుదర్లేదు.

"ఇంకా ఎక్కుతూనే ఉంటుంది బావా. అంత బండి, నత్తలా పోతుంది."

"నోరు మూసుకుని తొక్కు."

"తొక్కుతూనే ఉన్నా. నేలకు ఆనింది, ఇంకా తొక్కమంటే కాలు రోడ్డు మీద పెట్టాలి."

మరో రోజైతే ఇరుసయ్య దీనికి దీటుగా ఒకటి అంటించేవాడు. ఆ రోజు ఆయన లోయ వైపే చూస్తున్నాడు. కింద చెట్లలో ఏదో తళుక్కుమంటే ప్రాణం పోయింది. తేరిపార చూస్తే ఏదో ఇంటి రేకుల కప్పు. ఒక మలుపులో పిట్టగోడ విరిగి, ఇటుకలు కిందికి జారి ఉన్నాయి. "ఆపరా!" అని అరిచాడు. దిగి, అంచు దాకా వెళ్లి చూశాడు. విరిగిన చోట గడ్డి ఏపుగా మొలిచి ఉంది. ఎప్పటిదో. ఆ గడ్డిని చూసి ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

మధ్యలో భార్య ఫోను చేసింది. "పిల్ల భోజనానికి వస్తుందా? లేక మీ దిక్కుమాలిన కొండ మీదే తింటుందా?"

"వస్తుంది."

"అదేంటి, గొంతు అలా ఉంది?"

"గాలి" అని పెట్టేశాడు.

కొండ నెత్తిన టీ కొట్టు ఉంది. కొట్టు నడిపే ముసలావిడ గ్లాసులు కడుగుతోంది. "ఇల్లంత బండా? ఆ పిల్ల ఇప్పుడే టీ తాగి అటు దిగిందయ్యా" అంది.

ఇరుసయ్య పోనివ్వమని చెయ్యూపి, సీటు అంచు పట్టుకుని కూర్చున్నాడు.

మొదటి మలుపులో ఏమీ లేదు. రెండో మలుపులో రోడ్డు మీద నల్లటి చారలు. మనిషి ఛాతీ అంత వెడల్పు టైరు గుర్తులు, లోయ అంచు దాకా పోయి, అక్కడ మట్టిని చెక్కేసి, మళ్లీ ఇటు తిరిగాయి. ఆ "మళ్లీ ఇటు తిరిగాయి" అన్నది కళ్లకు అందేలోపు ఇరుసయ్య గుండె ఎన్నిసార్లు ఆగిందో ఆయనకే తెలియాలి.

మలుపు దాటగానే బండి కనబడింది. కొండ వైపు కాలవలో ముందు చక్రం దిగబడి, ఒరిగి నిలబడి ఉంది. పెద్దమ్మాయి రోడ్డు పక్క రాతి మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ మోకాళ్ల మధ్య బిగించుకుంది. అచ్చం తండ్రి జేబులో దాచుకున్నట్టే.

"తల్లీ!"

"నాకేం కాలేదు నాన్నా. బండికీ పెద్దగా ఏం కాలేదు." మాట స్థిరంగానే ఉంది, పెదాలే తెల్లబడ్డాయి. "తిప్పిన చక్రం తిరిగి రాలేదు. నేను లాక్కుంటే తప్ప రాలేదు. ఇక్కడ బ్రేకు తొక్కితే లోయ వైపు గుంజుకుపోయింది. బలమంతా పెట్టి ఇటు తోసి కాలవలో పడేశాను."

"నీ తప్పేం లేదమ్మా. ఇరుసు తిరగబడింది. నేనే తిరగేశాను." అగ్గిపెట్టె సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు.

ఆమె రాతి మీంచి లేచింది. "మరి ఇప్పుడెలా? కింద ఇంకా బోలెడు మలుపులు. తిప్పుకోవడానికి చోటు లేదు. కాసేపట్లో కింద నుంచి బస్సు వస్తుంది. బండి రోడ్డుకు అడ్డంగా ఉంది."

దించడం మాటే లేదు. వదిలేస్తే బస్సొచ్చి గుద్దుకునేలా ఉంది. ఇరుసయ్య ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. భయంతో బుర్ర మొద్దుబారినా, ఇరుసు ముందు కూర్చుంటే ఆయన చేతులు కాస్త నిదానిస్తాయి. కడ్డీ తల ముందుకు వాలి ఉంది. ముందుకు. అంటే బండి వెనక్కి పోతే...

"వెనక్కి నడుపు తల్లీ."

"ఏంటి?"

"వెనక్కి పోయేటప్పుడు ఈ వాలు సరైన వాలే. చక్రం చెప్పినట్టు వింటుంది. కొండ నెత్తి దాకా వెనక్కే ఎక్కించు."

బావమరిది నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఔరా బావా! రివర్సులో ప్రపంచ యాత్ర చేసే బండికి ఇరుసు చేశావన్న మాట. ఇదీ నీ ఘనతల్లో కలిపేసుకో."

పెద్దమ్మాయి ఒక్క క్షణం నవ్వింది. వెంటనే ఆపేసింది. "అద్దాల్లో సగం రోడ్డు కూడా కనబడదు నాన్నా."

"నేను వెనక నడుస్తా. నా చెయ్యి చూడు, ఇంకేమీ చూడకు."

"జీపును వెనక్కి తీసి కొట్టు దగ్గర పెట్టొస్తా. చక్రానికి చెక్కదిమ్మ నేనేస్తా" అన్నాడు బావమరిది, ఈసారి వెటకారం లేకుండా. "ఆగిన ప్రతిసారీ."

ఇంజను గర్జించింది. కాలవలోంచి చక్రం జారింది, మళ్లీ పట్టింది, బురద చిమ్ముతూ పైకొచ్చింది. ఇరుసయ్య బండికి వెనకగా, బండినే చూస్తూ, తనూ వెనక్కి వెనక్కి ఎక్కుతున్నాడు. చేతులు గాలిలో. ఇల్లంత రేకు గోడ తన మీదికి నడిచొస్తోంది. గోడ అవతల ఎక్కడో కూతురు ఉంది, పక్క అద్దంలో ఆమె కన్ను ఒక్కటే కనబడుతోంది.

"వస్తోంది నాన్నా!" కిటికీలోంచి కేక. "వదిలితే దానంతటదే తిన్నగా వస్తోంది!"

అది విని ఇరుసయ్యకు సంతోషం కలగాలి. కలగలేదు. ఎక్కాల్సిన దారిలో ఆ రెండో మలుపు ఉంది.

బండి పొడుగు. తోక కొండను రాసుకోకుండా మలుపు తిరగాలంటే, మలుపు మధ్యలో ముందు చక్రాలు లోయ అంచు దాకా రావాలి. పిట్టగోడ లేదు. అంచున మట్టి అంతకుముందే చెక్కుకుపోయి ఉంది. రమ్మని సైగ చేయాల్సింది ఇరుసయ్యే. కన్నకూతుర్ని లోయ వైపుకు, చేత్తో పిలవాలి.

చెయ్యి లేవలేదు.

"నాన్నా! ఎటు?"

బండి ఆగింది. బావమరిది దిమ్మ తోశాడు. "బావా, చెప్పు! దిమ్మ జారుతోంది!"

చక్రానికీ అంచుకూ మధ్య మట్టి జానెడు కంటే ఎక్కువుంది. సరిపోతుంది. కొలవడంలో ఆయన ఎప్పుడూ పొరపడలేదు. ఎటన్నదే చూసుకోవాలి. ఈసారి అటూ ఇటూ రెండుసార్లు చూశాడు. చెయ్యెత్తి, లోయ వైపుకు పిలిచాడు.

"ఇటు. ఇంకా. ఇంకా రా తల్లీ. రా..."

చక్రం అంచుకు వచ్చింది. చిన్న రాళ్లు కిందికి రాలి, చాలాసేపటికి ఎక్కడో తగిలాయి. ఇంకా పిలిచాడు. తోక కొండను తప్పించుకుంది. "చాలు! తిప్పు!" చక్రం తిరిగింది, తిరిగినది తనంత తానే సర్దుకుంది, బండి అంచు వదిలి రోడ్డు మధ్యకు వచ్చింది.

మిగతా దారి ఎలా గడిచిందో ఆయనకు గుర్తులేదు. మొదటి మలుపూ దాటారు. కొండ నెత్తి మీద టీ కొట్టు ముందు బండి సమంగా నిలిచింది, ఇంజను ఆగింది, ముసలావిడ గ్లాసు చేత్తో పట్టుకుని బయటికొచ్చి నోరు తెరిచి చూసింది. కింద నుంచి బస్సు హారను వినిపించింది.

పెద్దమ్మాయి క్యాబిను దిగి, బండి చుట్టూ తిరిగి తండ్రి దగ్గరికి వచ్చింది. ఇరుసయ్య ఇంకా రోడ్డు మధ్యలోనే ఉన్నాడు. చెయ్యి గాలిలోనే ఉంది. వేళ్లు ఇంకా రమ్మంటున్నాయి.

"నాన్నా" అంది ఆమె, ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించుతూ. "వచ్చేశాను. ఇక పిలవకు."